నిత్యకల్యాణం, పచ్చతోరణం: పండగ ఇంటికి తిరుగులేని చిట్కాలు

ఉగాదికి కట్టిన మామిడి తోరణం శ్రీరామనవమి నాటికి ఎండి గలగలమంటుంటే మన పెద్దవాళ్లు ఏమీ అనుకునేవారు కాదు. దాన్ని తీసి పెరట్లో పారేసి, కొత్తాకు తెచ్చి మళ్లీ కట్టుకునేవారు. ఏటా అదే పని. ఆకు వాడుతుందని ముందే ఒప్పేసుకున్న మనుషులు వాళ్లు. ఆ నిస్పృహ మనకెందుకు? నిత్యకల్యాణం పచ్చతోరణం అని నోటితో అనడమే కాదు, గుమ్మం మీద చేసి చూపించాల్సిన కాలం ఇది. కింది సలహాలు పాటిస్తే మీ ఇంటి ఆకు వాడదు. వాడినా వాడినట్టు కనిపించదు. కనిపించినా, అప్పటికి ఫోటో బంధువుల గ్రూపులో పడిపోయి ఉంటుంది కాబట్టి నష్టం లేదు.

ఆకు సంపాదన

బజార్లో మామిడాకుల కట్ట కొనడం చేతకానివాళ్ల పని. వీధిలో ఎక్కడో ఒక మామిడి చెట్టు ఉండనే ఉంటుంది, అది ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న పెద్దలు పొరుగింటి పచ్చాకు సంగతి చెప్పడం మరిచారు. పండగ ముందురోజు రాత్రి, సెకండ్ షో వదిలే వేళకి వెళ్లండి. ఇంటివాళ్లని అడగకండి. అడిగితే ఇస్తారు. ఇస్తే రేపు వాళ్లకి ఒక గిన్నెడు పులిహోర పంపాల్సి వస్తుంది.

కొడవలి, కత్తెర ఏవీ వద్దు. కొమ్మ పట్టుకుని వేలాడండి. విరిగేటప్పుడు బెరడు మానుదాకా చీరుకుంటూ వస్తుంది. ఆ పచ్చి గాయంలోంచి పురుగూ తెగులూ దూరతాయని తోటమాలులు బెంగపడతారు గానీ, చెట్టు మీది కాదు కదా. పైగా ఉగాది వేళ కొమ్మకి పిందెలుంటాయి. ఒక్క లాగుడుకి తోరణమూ వచ్చె, పచ్చడిలోకి మామిడి ముక్కా వచ్చె. వేసవిలో ఆ ఇంటివాళ్లకి తగ్గే కాయలంటారా, ఎలాగూ కోతులు తినేవే అనుకోండి. చెట్లు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతుంది. రాత్రిపూట వెళ్లమన్నది అందుకే.

ఏ కొమ్మ విరవాలి అన్నది అనుభవం మీద తెలిసే విద్య. చీకట్లో తడిమితే కొన్నిచోట్ల ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉండలా తగులుతాయి. సంబరపడండి, చెట్టే మీకోసం గుత్తి కట్టి పెట్టింది. అది ఎర్రచీమల గూడు. కొన్ని చీమలు వరసగా నిలబడి ఆకు అంచుల్ని దగ్గరకి లాగి పట్టుకుంటాయి. ఇంకొన్ని తమ పిల్ల పురుగుల్ని నోట కరచుకొచ్చి, వాటి నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆ అంచుల్ని కుట్టేస్తాయి. అంత పనితనం ఉన్న అలంకరణ ఏ దుకాణంలో దొరుకుతుంది? అలాగే తెచ్చి పూజగది ముందు వేలాడదీయండి. ఈ చీమకి కొండి లేదు. కొరుకుతుంది, కొరికిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. అందుకని పంచాంగ శ్రవణం మధ్యలో ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా లేచి నిలబడితే కంగారుపడకండి, పంతులుగారు భక్తి అనుకుంటారు.

“ముదురాకు కోయరా నాన్నా, లేతాకు నిలవదు” అంటుంది అమ్మమ్మ. వినకండి. ఆ రోజుల్లో కెమెరాలు లేవు. కొత్త చిగురు రాగిరంగులో, మెత్తగా, తళతళలాడుతూ ఉంటుంది, ఫోటోకి దాన్ని మించింది లేదు. ముదురాకు మీద మైనపు పూత మందంగా ఉండి లోపలి నీటిని తొందరగా పోనివ్వదు. చిగురాకుకి ఆ పూత ఇంకా పట్టి ఉండదు, కట్టిన కాసేపటికే తల వాల్చేస్తుంది. వాలిన తలని వినయం అంటారు. మీ గుమ్మానికి ఆ పేరు రానివ్వండి.

తుంచిన తొడిమ నుంచి సొన కారుతుంది. మామిడి, జీడిమామిడి, నల్లజీడి ఒక్క కుటుంబమే. ఆ సొన కొందరి ఒంటికి పడదు, దద్దుర్లు లేచి మచ్చలు పడతాయి. చేతులు కడుక్కోవడం లాంటి చాదస్తాలు పెట్టుకోకుండా ఆ చేత్తోనే కళ్లు నలుపుకోండి. పండగపూట కళ్లు చెమర్చడం మంచిదే.

గుమ్మం మీద

పాతకాలం వాళ్లు ఆకు తొడిమ వైపు పురికొస మీదకి మడిచి, ఈనెపుల్ల ముక్కతో కుట్టేవారు. ఆకూ, పుల్లా, తాడూ మూడూ ఒకేసారి ఎండి, ఒకేసారి మట్టిలో కలిసిపోయేవి. ఇందులో గొప్పేముంది? మీరు నైలాన్ తాడు, స్టాప్లర్ వాడండి. ఆకుకి ఒక పిన్ను సరిపోయినా మూడు కొట్టండి. పండగయ్యాక తోరణం తీసి గేటు ముందు వేస్తే వీధి ఆవు వచ్చి తినేస్తుంది. ఆవు తెలివైనది, ఆకు నమిలి పిన్ను ఉమ్మేస్తుందని నమ్మడం మనకి అలవాటే. నిజానికి ఆవు ముందు మింగి, నెమ్మదిగా నెమరేసుకుంటుంది. ఆ మింగుడులో వెళ్లిన ఇనుప ముక్క రెండో పొట్టలో చేరి, గోడ చీల్చుకుని గుండె దాకా పోవచ్చు. అందుకే ఇలాంటి పశువులకి పశువైద్యులు అయస్కాంతం మింగిస్తారు. ఆవుకి నమస్కరించి లోపలికి వెళ్లండి, మిగతాది డాక్టరు చూసుకుంటాడు.

తోరణాన్ని తలుపు రెక్క తగిలే చోటే కట్టండి. తలుపు తీసినప్పుడల్లా ఒక ఆకు రాలుతుంది. నాలుగు రోజులకి మొత్తం రాలిపోయాక, విప్పే పని మిగలదు.

మామిడాకు కోసిన తరవాత కూడా ఇంట్లోకి ఆక్సిజన్ వదులుతుందని మీకు ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. రాకపోతే మీరు తెలుగువారు కారు. దాన్ని పూర్తిగా నమ్మండి. చెట్టు నుంచి నీరు అందడం మానేయగానే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుందనీ, ఆహారం తయారుచేసే పని ఆగిపోతుందనీ, ఊపిరి పీల్చుకోవడం మాత్రం చచ్చేదాకా సాగుతుంది కాబట్టి అది మన గాలిలో ఆక్సిజన్ని తీసుకునే పక్షమే గానీ ఇచ్చే పక్షం కాదనీ ఇంటర్ చదివే పిల్లాడు ఎవడైనా అంటే, వాడి మార్కులు ఎన్నో అడగండి. తోరణం కట్టగానే కిటికీలన్నీ బిగించండి. హోమం ఉన్న రోజైతే ఇంకా గట్టిగా.

ఇప్పుడు అసలు రహస్యం. ఆకు వాడకుండా ఉండాలంటే పైన కొబ్బరినూనె రాయండి. మొదటి రోజు మెరుస్తుంది. రెండో రోజు వీధిలో ఎగిరే దుమ్మంతా వచ్చి దాని మీదే కూర్చుంటుంది, మెరుపు కనిపించదు, అప్పుడు హెయిర్ స్ప్రే కొట్టండి. మూడో రోజు అంచులు మెలి తిరుగుతాయి, అప్పుడు ఆకుపచ్చ ఎనామెల్ పెయింటు. ఎండిన ఆకు, నూనె, స్ప్రే, పెయింటు, ఈ నాలుగింటి చుట్టూ చైనా బల్బుల సీరియల్ సెట్టు బిగించి, ఊరెళ్లేటప్పుడు కూడా వెలుగుతూ ఉంచండి. ఇల్లు కళకళలాడుతూ ఉంటుంది. మరీ కళకళలాడితే ఫైరింజన్ వాళ్లు వచ్చి చెబుతారు.

ఇంత శ్రమ పడలేనివారికి ప్లాస్టిక్ తోరణం ఉంది. మనం మాట్లాడుకునేది సహజమైన పచ్చదనం గురించి కాబట్టి దాని మీద రోజూ కాసిని నీళ్లు చిలకరించండి.

పూల బేరం

హైదరాబాదులో అయితే గుడిమల్కాపూర్, గోదావరి వైపు అయితే కడియపులంక, పూల కోసం జనం తెల్లవారుజామునే పోతారు. మీరు మధ్యాహ్నం భోంచేసి వెళ్లండి. పొద్దుటి నుంచి జనం చేతుల్లో నలిగి, నీళ్లు చల్లించుకుని చల్లించుకుని బరువెక్కిన బంతిపూలు అప్పుడే దొరుకుతాయి. కిలోకి పూలు తక్కువ, నీళ్లు ఎక్కువ, అంటే పూలతో పాటు తాజాదనం కూడా కొన్నట్టే. వాటిని తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో కుక్కి ముడి వేయండి. పూలు కోసిన తరవాత కూడా ఊపిరి పీలుస్తూ ఉంటాయి కాబట్టి, అలా గుట్టగా పడి ఉంటే లోపల వేడి పుడుతుంది. ఇంటికెళ్లి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. అదే ఆప్యాయత.

మల్లె, చామంతి దండలు మూరల లెక్కన అమ్ముతారు. ఇంట్లో అందరికంటే పొడుగైనవాణ్ని వెంట తీసుకెళ్లి, అతని చేత్తో కొలవమనండి. “గది నీ చెయ్యి అన్నా, మూర నాది” అంటుంది పూలమ్మే ఆమె. ఈ వాదనకి తిరుగులేదు, నేను విన్న వ్యాపార సూత్రాల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. అయినా అరగంట వాదించండి. ఈలోగా మీ పక్కన నిలబడ్డ ఆవిడ మంచి దండలన్నీ కొనుక్కుపోతుంది.

రాత్రికి పూలని ఫ్రిజ్‌లో, నైవేద్యానికి తెచ్చిన మగ్గిన అరటిపళ్లకి ఆనించి పెట్టండి. మగ్గే పండు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. పచ్చి కాయ పండడానికీ, ఆకు పసుపెక్కడానికీ, చాలా రకాల పూలు తొందరగా వడలి రాలడానికీ అదే కారణం. తెల్లారేసరికి పండ్లూ పూలూ సమానంగా మగ్గి ఉంటాయి. సమానత్వం ఇంటి నుంచే మొదలవ్వాలి.

పక్క ఫ్లాటు వాళ్లు ఆర్కిడ్లు తెప్పించి గుమ్మానికి కడితే ఊరుకోకండి. “అది విదేశీ పువ్వండీ, మాది అచ్చంగా మన బంతి” అని అందరికీ వినబడేలా అనండి. బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడ చనిపోయినవాళ్లని తలుచుకునే పండగకి సమాధుల మీద పరిచేది ఈ పువ్వునే. గొబ్బెమ్మ మీద పెట్టే గుమ్మడిపువ్వు కూడా ఆ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. ఇవన్నీ తెలిసినవాళ్లు మీ అపార్ట్‌మెంట్లో ఉంటే వాళ్లకి ప్రసాదం ముందుగా పంపండి, నోరు ఖాళీ ఉండదు.

పత్రి శాస్త్రం

వినాయక చవితికి ఇరవై ఒక్క ఆకులు కావాలి. ఆకుల పేర్లు పూజా పుస్తకంలో సంస్కృతంలో ఉండటం మన అదృష్టం. అపామార్గం అని చదివేటప్పుడు మీ చేతిలో ఉన్నది కరివేపాకే అయినా పట్టుకునేవాడు లేడు. అది ఉత్తరేణి అనీ, పొలం గట్టున నడిస్తే ప్యాంటుకి అంటుకుని ఇంటిదాకా వచ్చే గింజలు దానివేననీ తెలిసినవాళ్లు ఎలాగూ ఊళ్లోనే ఉండిపోయారు. సింధువారం వావిలి, అర్జునం తెల్లమద్ది, బృహతి వాకుడు, శమి జమ్మి. ఇవి గుర్తుపెట్టుకోవడానికి పూర్వం పిల్లల్ని చవితి ముందురోజు కంచెల వెంట, చెరువు గట్టు మీద తిప్పేవారు. ఆకు నలిపి వాసన చూసి, నాలుగు దెబ్బలూ తిని నేర్చుకునేవారు. ఇప్పుడు ఆ చెరువు గట్టు మీదే మన గేటెడ్ కమ్యూనిటీ ఉంది. కాబట్టి క్లబ్‌హౌస్ ముందున్న క్రోటన్లు కోయండి, రంగులు కూడా ఉంటాయి. గరిక కావాలంటే పార్కులో పరిచిన కార్పెట్ గడ్డి ఒక మూల నుంచి పీకితే సరి, చాపలా లేచి వస్తుంది.

మాచిపత్రి విషయంలో మాత్రం ఒక సులువు ఉంది. ఖాళీ స్థలాల్లో, రైలు కట్టల వెంట తెల్లటి చిన్న పూలతో, చీలికలు చీలికలుగా ఉన్న ఆకుతో గుంపులుగా మొలిచే మొక్క ఉంటుంది. పేరు వయ్యారిభామ. 1950లలో మన దేశంలో కంటపడి, అక్కడి నుంచి వెనక్కి చూడకుండా పెరిగింది. దాని ఆకు మాచిపత్రిలాగే ఉంటుంది. చవితి నాడు కట్టలో అది దొరికినా అదిరిపడకండి. కొందరికి ఒళ్లు దురద, ఇంకొందరికి తుమ్ములు, ఉబ్బసం. వినాయకుడికి మాత్రం ఏమీ కాదు. సువాసన లేదేమిటని ఎవరైనా అడిగితే జలుబు చేసిందా అని ఎదురు ప్రశ్న వేయండి.

దేవదారు అసలు హిమాలయాల చెట్టు. అందుకని బజార్లో “దేవదారు” అని ఏ ఆకు ఇచ్చినా తీసుకోండి. ఆరా తీస్తే మంచుకొండల దాకా పోవాల్సి వస్తుంది.

ఈ ఆకులన్నీ పూజ కాగానే తీసేసి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవడం పాత పద్ధతి. ఇంత అందమైన పచ్చదనాన్ని ఒక్కపూటకి పరిమితం చేయడం అన్యాయం. భోజనాల బల్ల మీద, అన్నం గిన్నె చుట్టూ గన్నేరు రెమ్మలు పేర్చండి. గన్నేరులో ఆకు, పువ్వు, పుల్ల అన్నీ విషమే, గుండె లయ తప్పిస్తుంది. ఉమ్మెత్త కాయని ముళ్లతో సహా కుడుముల పళ్లెం మధ్యలో పెడితే చూడముచ్చటగా ఉంటుంది. దాని గింజ లోపలికి పోతే మనిషికి మతి తప్పుతుంది, గోడతో మాట్లాడతాడు. జిల్లేడు తుంచితే వచ్చే పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. వాటిని పాకే పిల్లలకి అందే ఎత్తులో కట్టండి. మనవాళ్లు ఈ మూడింటినీ దేవుడి ముందు మాత్రమే ఎందుకు పెట్టారో, పిల్లల డాక్టరు గదిలో కూర్చున్నప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

పాలవెల్లి సంగతి. పైకప్పు కొక్కెం నుంచి వేలాడే ఆ చెక్క చట్రానికి మామిడాకులు, మొక్కజొన్న పొత్తులు, జామ, బత్తాయి, దానిమ్మ, వెలక్కాయ కడతారు. కొత్త ఫ్లాట్లలో ఖాళీ కొక్కెం ఉండదు కాబట్టి ఫ్యాను రెక్కలకే కట్టేయండి. కథ చదివేటప్పుడు ఉక్కపోస్తుంది. బామ్మ “ఆ గాలి కాస్త తిప్పరా అబ్బాయ్” అంటుంది. ఎవడో ఒకడు అలవాటు కొద్దీ స్విచ్చు వేస్తాడు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు అని మనం సామెతగా అనుకుంటాం గానీ, అది నెత్తి మీద పడితే ఎలా ఉంటుందో భాషలో ఇంతవరకూ మాట లేదు. ఆ పెంకు పగలగొట్టాలంటే నేలకేసి కొట్టాలి, అదొక్కటి గుర్తుంచుకుని దూరంగా కూర్చోండి.

మిగతా పండగలు

దసరాకి, గృహప్రవేశానికి గేటుకి రెండువైపులా అరటి చెట్లు కట్టడం ఉంది. గెల కోసేసిన చెట్టుని ఎలాగూ నరికేయాలి, అరటి ఒక్కసారే కాస్తుంది. రైతులు అలాంటి బోదెలు ఇస్తామంటారు. ఒప్పుకోకండి. గెల వేసి సగం ఊరిన చెట్టునే, కాయలతో సహా అడగండి. తెల్ల పంచె కట్టుకుని, భుజాన మోసుకుని, లిఫ్టులో తీసుకురండి. అరటి జిగురు ఆరేటప్పుడు ఏ రంగూ ఉండదు, తరవాత గోధుమరంగు మరక తేలుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. పంచె మీదా, లిఫ్టు గోడ మీదా, వాచ్‌మన్ చొక్కా మీదా మీ దసరా శాశ్వతంగా ఉండిపోతుంది. బోదెలో ముప్పాతిక మించి నీరే కాబట్టి, కట్టి వదిలేస్తే వారానికి కుళ్లి కారడం మొదలుపెడుతుంది. ఆ దారి వెంట దోమలు వాటంతటవే వచ్చేస్తాయి, పిలవనక్కర్లేదు.

బతుకమ్మ. తంగేడు, గునుగు అంటారు. తంగేడు రాళ్ల గుట్టల మీద, బీడు భూముల్లో ఎవరూ నాటకుండా పూస్తుంది, తెలంగాణ రాష్ట్ర పుష్పం. గునుగు పొలాల్లో మొలిచే కలుపు, కలుపు మందు కొట్టిన చేలో కనిపించదు. ఈ రెండింటి కోసం ఊరి బయట తిరగడం దండగ. పాలీహౌస్ జర్బెరాలు తెప్పించండి. తాంబాళంలో గుమ్మడాకు పరిచి పేర్చే పద్ధతి మానేసి, పూల దుకాణాల్లో దొరికే ఆకుపచ్చ స్పాంజి దిమ్మెలో గుచ్చండి. ఆ స్పాంజి ఒక రకం ప్లాస్టిక్కే, నీళ్లలో వదిలితే పొడిపొడిగా విడిపోతుందే తప్ప కరగదు. సద్దుల నాడు చెరువులో వేసిన మీ బతుకమ్మ ముక్కల్ని చేపలు ఏళ్ల తరబడి తింటూ మిమ్మల్ని తలుచుకుంటాయి.

దసరా సాయంత్రం జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి, బంగారం అని చెప్పి కాళ్లకి దణ్ణం పెడతారు. నాలుగు ఆకులు చాలు. కానీ బంగారాన్ని ఎవరైనా నాలుగు పిసర్లు తెచ్చుకుంటారా? కొమ్మే నరికి తెచ్చుకోండి. అది కూడా తెలంగాణ రాష్ట్ర వృక్షమే, ఒకటి పోతే రాష్ట్రం ఇంకోటి చూసుకుంటుంది. నెమ్మదిగా పెరిగే చెట్టు, వచ్చే ఏడాదికి అక్కడ మోడు ఉంటుంది. మోడుకి ప్రదక్షిణం చేయడం ఇంకా సులువు, చుట్టూ తిరగడానికి చోటెక్కువ.

సంక్రాంతికి వరికంకుల కుచ్చు గుమ్మానికి కట్టడం పిచ్చుకల కోసం. దాన్ని బాల్కనీలో, పావురాల వలకి లోపలివైపు వేలాడదీయండి. పిచ్చుకలు చూసి వెళ్తాయి. గింజ రాలకుండా వార్నిష్ కొడితే పదేళ్లు నిలుస్తుంది. గొబ్బెమ్మలకి గుమ్మడిపూలు కోసేటప్పుడు, పువ్వు కింద చిన్న ఉండ ఉన్నవే ఏరండి, గుండ్రంగా ముద్దుగా ఉంటాయి. ఆ ఉండే గుమ్మడికాయ అవుతుంది. పల్లెటూరి ఆడవాళ్లు సన్నటి కాడ ఉన్న మగపూలే కోసి, ఆడపూలని తీగకే వదిలేస్తారు. వాళ్లకి కాయలు కావాలి, మనకి ముగ్గు కావాలి.

క్రిస్మస్‌కి కోస్తా ఊళ్లలో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు. అది సూదిమొక్క జాతి కాదు, ఆ పోగులు ఆకులూ కావు. అవి కణుపులు కణుపులుగా ఉన్న సన్నటి రెమ్మలు, అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర కంటికి ఆననంత పొలుసులు. తడి ఇసుక నింపిన బక్కెట్లో నిలబెడితే ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుందని చర్చి కాంపౌండులో పిల్లలకి కూడా తెలుసు. మీరు పొడి బక్కెట్లో పెట్టి, మంచు పడ్డట్టుగా దూది పరిచి, కొవ్వొత్తులు వెలిగించండి. మచిలీపట్నంలో మంచు ఎటూ పడదు, కనీసం వెచ్చదనమైనా ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. అమెరికాలో కూతురు దగ్గరికి వెళ్లే అత్తయ్యగారి పెట్టెలో మామిడాకుల కట్ట పెట్టి, ఖాళీ ఉన్నచోట కరివేపాకు కుక్కండి. డిక్లరేషన్ కాగితంలో రాయకండి, ఆకేగా. విమానాశ్రయంలో బీగిల్ జాతి కుక్క ఒకటి వచ్చి పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. “ఎంత ముద్దుగా ఉందో, పండగ పూట ఎదురొచ్చింది” అని అత్తయ్యగారు మురిసిపోతారు. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నారింజ జాతి చెట్లకి తెగులు మోసుకెళ్తుంది. 2005లో ఫ్లోరిడా తోటల్లో బయటపడి, అక్కడి నారింజ రైతుల్ని దివాలా తీయించిన ఆ తెగులు పేరు సిట్రస్ గ్రీనింగ్. పేరులోనే పచ్చదనం ఉంది, మనం కోరుకునేదీ అదే. అక్కడి ఇండియన్ స్టోర్లో ఉగాది ముందు మామిడాకులు అమ్ముతారు, కొంటే జరిమానా కట్టే అనుభవం తప్పిపోతుంది.

పండగయ్యాక

ఎండిన తోరణం తీయకండి. దాని మీదే కొత్తది కట్టండి. ఉగాది మీద చవితి, చవితి మీద దసరా, దసరా మీద సంక్రాంతి. అడుగు పొరల్లో సాలీళ్లు, మధ్య పొరల్లో బల్లులు కాపురం పెడతాయి. బల్లి పలికిన దిక్కు ఎటో చూసుకోవడానికి పంచాంగం అక్కడే తగిలించుకోండి. పైన పటాల చుట్టూ వాడిన దండలు కూడా అలాగే ఉండనివ్వండి. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అని ఊరికే అనలేదు, రెండూ ఉంటేనే సందడి.

తీయక తప్పని పరిస్థితి వస్తే, అంటే పెళ్లిచూపులవాళ్లు వస్తున్నారనుకోండి, మొత్తం ఊడబీకి నల్ల ప్లాస్టిక్ కవర్లో నింపండి. దారం విడిగా, ఆకు విడిగా తీసి కుండీల్లో వేస్తే ఎరువవుతుందని కింది ఫ్లాటు మాస్టారు చెబుతారు. వినకండి, ఆయన తన కుండీల కోసం మాట్లాడుతున్నాడు. తడి చెత్త బుట్టలో వేయమని మున్సిపాలిటీ ఆమె చెబుతుంది. పూజ చేసిన ఆకుని చెత్త అంటావా అని ఆమెనే కోప్పడండి. స్కూటరు మీద చెరువు కట్టకి వెళ్లి, “నిర్మాల్యం” అని గట్టిగా అనుకుని, కవరు పళంగా నీళ్లలోకి విసరండి. కవరు ముడి మాత్రం బిగించి వేయాలి. వదులుగా ఉంటే లోపలి ఆకులు జారిపోయి, మెత్తబడి, బురదలో కలిసిపోతాయి. మీరు పండగ చేసుకున్నట్టు ఆనవాలే మిగలదు.